పద్దెనిమిది అడుగుల ఈటెతో ఇండియానాలో మూడు రోజులు

"ఇండియానాలో చూడ్డానికి ఏముందమ్మా, మొక్కజొన్న తప్ప?" అంది పద్మ ఆంటీ.

అరోరాలో వాళ్ళింటి బేస్‌మెంట్‌లో నేను అద్దెకుంటాను. సెప్టెంబరు మొదట్లో వచ్చే లాంగ్ వీకెండ్‌కి మా ఆఫీసులో తెలుగువాళ్ళంతా నయాగరాకో, స్మోకీ కొండలకో బయల్దేరారు. నేను మాత్రం "హిస్టరీ క్యాంప్" అని చెప్పాను. అది అబద్ధం కాదు. అక్కడ అరవై నాలుగు మంది అలెగ్జాండర్ సైనికుల్లాగా పద్దెనిమిది అడుగుల ఈటెలు పట్టుకుని నడుస్తారని, వాళ్ళలో నేనూ ఒకదాన్నని చెప్పే ధైర్యం మాత్రం లేకపోయింది.

"ఒక్కదానివే వద్దు. శ్రావ్యని తీసుకెళ్ళు. ఫోన్ బయట కూడా లోకం ఉందని దానికీ తెలుస్తుంది," అని ఆంటీ పెద్ద డబ్బా నిండా పులిహోర కలిపింది. శ్రావ్య వాళ్ళమ్మాయి. ఇక్కడే పుట్టింది, కాలేజీలో రెండో ఏడు.

నంద్యాలలో ఏడో తరగతి చదివేటప్పుడు మా సాంఘిక శాస్త్రం పుస్తకంలో ఒక మ్యాపు ఉండేది. మాసిడోనియాలో మొదలైన ఎర్ర బాణం ఈజిప్టు, పర్షియా చుట్టి, జీలం నది దాటి, బియాస్ ఒడ్డున ఆగిపోయేది. ఆ బాణాన్ని నా డైరీలో ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. పెద్దయ్యాక అలెగ్జాండర్ యుద్ధాల మీద దొరికినవన్నీ చదివాను. ఎవరికీ చెప్పలేదు. నేను ఆఫీసు మీటింగులో మాట్లాడితే "నువ్వు మ్యూట్‌లో ఉన్నావు" అంటారు. నేను మ్యూట్‌లో ఉండను. నా గొంతే అంత.

అందుకేనేమో ఆ యుద్ధాలన్నిటిలో నాకు బాగా నచ్చింది పెద్ద యుద్ధం కాదు. రాజైన కొత్తలో, ఇరవయ్యొక్కేళ్ళ వయసులో, అలెగ్జాండర్ ఒక ఇరుకు లోయలో చిక్కుకుంటాడు. చుట్టూ గుట్టల మీద శత్రువులు. అతను సైన్యాన్ని మైదానంలో బారులు తీర్చి, ఒక్కరూ నోరెత్తకూడదని ఆజ్ఞాపించి, కవాతు చేయిస్తాడు. ఈటెలు ఒక్కసారిగా లేస్తాయి, దిగుతాయి, కుడికి తిరుగుతాయి, ఎడమకి తిరుగుతాయి. చప్పుడు లేదు. గుట్టల మీదివాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తుండిపోతారు. అప్పుడు ఒక్క సైగతో సైన్యమంతా రణకేక పెడుతుంది. వాళ్ళు గుట్టలు వదిలి పారిపోతారు.

ఇండియానా బృందానికి రెండేళ్ళుగా ఆన్‌లైన్‌లో ఉత్తరాలు రాస్తున్నాను. ప్రతి ఏడూ వాళ్ళు ఉత్తుత్తి యుద్ధం చేసి చూపిస్తారు. ఈసారి ఆ నిశ్శబ్ద కవాతు చేద్దామని నేనే రాశాను. వాళ్ళు ఒప్పుకున్నారు. ఇక వెళ్ళక తప్పలేదు. ఆలోచన నాది. జనం నవ్వితే ఆ నవ్వు దగ్గరుండి వినాల్సిందీ నేనే.

దారిలో, మనిషిలేని అంగడి

శనివారం పొద్దున్నే బయల్దేరాం. డ్రైవింగ్ శ్రావ్యది. వబాష్ నది దాటాక ఒక పొలం గట్టున బల్ల మీద మొక్కజొన్న కంకులు, టమాటాలు పెట్టి ఉన్నాయి. డజను కంకులు ఐదు డాలర్లని అట్ట మీద రాసి ఉంది. పక్కన ఒక రేకు డబ్బా. అమ్మే మనిషి లేడు.

"అక్కా, ఇక్కడ ఎవరూ లేదు."

"డబ్బాలో వేసి తీసుకోమని కదా రాశారు."

"కెమెరా కూడా లేదు. సో వియర్డ్."

మా ఊళ్ళో గుడి బయట చెప్పులకి కూడా టోకెనిచ్చి ఒక మనిషి కూర్చుంటాడు. నేను నోటు డబ్బాలో వేసి, ఎవరూ చూడకపోయినా, అది కింద పడిన చప్పుడు వినేదాకా నిలబడ్డాను. కంకులు పచ్చిగానే తిన్నాం. పంచదార కలిపారా అన్నంత తీపి.

"అలెగ్జాండర్ గుడ్ గయ్యా, బ్యాడ్ గయ్యా?" అని అడిగింది శ్రావ్య కంకి కొరుకుతూ.

"గొప్పవాడు."

"నేను అది అడగలేదు అక్కా."

నేను కిటికీలోంచి పొలాలు చూశాను.

డోరిస్ గడ్డి మైదానం

ఇండియానా దక్షిణాన ఒక చిన్న ఊరి బయట, కోత అయిపోయిన గడ్డి మైదానం. ఒక పక్క చిన్న గుట్ట. నేను పుస్తకంలో చదివిన లోయకి చిన్న నకలులా ఉంది.

నాయకురాలు డోరిస్. అరవై దాటిన ఆవిడ, ముప్పై ఏళ్ళు హైస్కూల్లో మార్చింగ్ బ్యాండ్ నేర్పింది. ఇక్కడ ఫుట్‌బాల్ ఆట మధ్యలో పిల్లలు బాకాలూ డప్పులూ వాయిస్తూ మైదానమంతా ముగ్గులు తీర్చినట్టు నడుస్తారు. దాన్ని చూసినప్పుడల్లా నాకు మా వైపు చెక్కభజన గుర్తొస్తుంది. ఆ పని నేర్పిన మనిషే ఇప్పుడు ఈటెల దళాన్ని నడిపిస్తోంది.

"ఆ ఉత్తరాలు రాసేది నువ్వా?" అని డోరిస్ నన్ను పైనుంచి కిందికి చూసింది. "తెల్లగడ్డం ప్రొఫెసర్ ఎవరో అనుకున్నాను!" అని గట్టిగా కౌగిలించుకుంది. ఆవిడ దగ్గర దాల్చినచెక్క వాసన వచ్చింది. అందరి కోసం బనానా బ్రెడ్ చేసి తెచ్చింది.

అప్పుడు ఈటెలు లేపారు.

పద్దెనిమిది అడుగులంటే ఎంతో నాకు తెలుసు. వందసార్లు రాసుకున్నాను. కానీ అరవై ఈటెలు ఒక్కసారి లేచేసరికి మైదానం మీద వెలుగు మారింది. నా కాళ్ళు వాటంతటవే రెండడుగులు వెనక్కి వేశాయి. మొనలకి రబ్బరు బంతులు తొడిగారని, పట్టుకున్నవాళ్ళు నర్సులు, ప్లంబర్లు, స్కూల్ బస్సు డ్రైవర్లని ఎదురుగా కనబడుతూనే ఉంది. అయినా భయమేసింది.

నా చేతికొకటి ఇచ్చారు. అడుగున ఇనప ములుకు ఉంది. అది నేలలో గుచ్చి నిలబెట్టడానికని చదివాను. అదే అన్నాను.

"అదొకటి," అంది డోరిస్. "ఇంకోటుంది. ముందు వరసలు శత్రువుని పడగొట్టి దాటిపోతాయి కదా. పడ్డవాళ్ళందరూ చచ్చిపోయుండరు. వెనక వరసలు నడుస్తూ నడుస్తూనే ఇలా..." ఈటెని నిలువుగా ఎత్తి, రోట్లో రోకలి వేసినట్టు దించింది. ములుకు గడ్డిలోకి అరచెయ్యంత దిగిపోయింది. "ఆగక్కర్లేదు, చూడక్కర్లేదు. నువ్వు బనానా బ్రెడ్ తిన్నావా?"

బ్రెడ్ ముక్క నా చేతిలోనే ఉంది. తినలేకపోయాను.

శిబిరంలో తిండి అప్పటి సైనికులదే. బార్లీ జావ, ఉల్లిపాయలు, అంజీర పళ్ళు. అలెగ్జాండర్ తండ్రి సరుకులు మోసే బళ్ళు మాన్పించి, నెలకి సరిపడా పిండి సైనికుల భుజాల మీదే మోయించేవాడట. బార్లీ పిండిని పెనం మీద ముద్దగా కాలుస్తుంటే చూడలేక, నేను తడి చేత్తో జొన్నరొట్టె తట్టినట్టు తట్టాను. నలుగురు చుట్టూ మూగారు. ఇన్నేళ్ళుగా వాళ్ళు తింటున్నది పచ్చి పిండని అప్పుడు తేలింది. శ్రావ్య మాత్రం జావ రుచి చూసి, "అక్కా, ఇది గోడకి వేసేది," అని పులిహోర డబ్బా తెరిచింది.

ఆదివారం: కాలు తగిలింది

ఎనిమిది వరసలు, వరసకి ఎనిమిది మంది. మొదటి ఐదు వరసలు ఈటెలు ముందుకి దించుతాయి. వెనక మూడు వరసలు నిటారుగా పట్టుకుంటాయి. నాది ఆరో వరస. నా ముందు వాల్ట్. అరవై ఏడేళ్ళ మనిషి, ధాన్యం గోదాములో పనిచేసి రిటైరయ్యాడు. అంత పెద్దాయన్ని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఏమీ పిలవకుండానే సరిపెట్టుకున్నాను.

ఆరో వరసలో నిలబడితే యుద్ధం కనబడదు. ఇది ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. శత్రువు లేడు, గుట్ట లేదు, ఆకాశం కూడా కర్రల సందుల్లో ముక్కలు ముక్కలుగా ఉంటుంది. నేను చూడాల్సింది ఒక్కటే, వాల్ట్ మెడ. ఎండకి ఎర్రబడి, మా నల్లరేగడి నేలలా బీటలు తీసిన మెడ. డోరిస్ ముందు నిలబడి తెల్ల చేతితొడుగుతో సైగ చేస్తుంది. మొదటి వరస కదులుతుంది. ఆ కదలిక మెడ నుంచి మెడకి నా దాకా వస్తుంది. మెడ కదిలితే కదలాలి, ఆగితే ఆగాలి.

మధ్యాహ్నానికి చేతులు పీకుతున్నాయి. వేగంగా ముందుకి నడిచే సైగ వచ్చింది. నేను అడుగు పొడవుగా వేశాను. నా బూటు ముందు భాగం వాల్ట్ మడమకి తగిలింది.

తర్వాత జరిగింది నేను అనుకుని చేసింది కాదు. పెద్దవాళ్ళకి కాలు తగిలితే చెయ్యి వెంటనే వెళ్ళి వాళ్ళని తాకి కళ్ళకద్దుకుంటుంది. చిన్నప్పటి నుంచి బస్సుల్లో, పెళ్ళి పందిళ్ళలో, క్లాసురూములో చేసిన పనే. నా కుడిచెయ్యి ఈటెని వదిలి ఆయన భుజం తాకి నా కళ్ళ దగ్గరికి వచ్చింది. ఎడమచేతికి ఆ బరువు ఆగలేదు. ఈటె ముందుకి వాలి, పక్కవాళ్ళ ఈటెకి తగిలి, అది ఇంకోదాన్ని పడేసింది. అప్పుడే ఏమైందని వెనక్కి తిరిగిన వాల్ట్ కనుబొమ్మ మీద ఒక కర్ర దిగింది.

"సారీ అంకుల్!" అని అరిచాను. ఆ మైదానంలో నా గొంతు వినబడడం అదే మొదటిసారి.

ఆయన కంట్లోకి నెత్తురు కారుతోంది. దళంలో ఉన్న నర్సు పరుగెత్తుకొచ్చి గాయం మీద పట్టీలు అంటించింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నేను డోరిస్ దగ్గరికి వెళ్ళి రేపు నేను పక్కన నిలబడతానన్నాను.

"నువ్వు తప్పుకుంటే అక్కడొక ఖాళీ ఉంటుంది," అంది డోరిస్. "ఖాళీలోకి పక్కవాడి ఈటె పడుతుంది. రేపు అసలు సంగతి నిశ్శబ్దం కాదమ్మాయ్. ఎవరూ చెయ్యి వదలకపోవడం."

వాల్ట్ చెట్టు కింద మంచుగడ్డల సంచీ నుదుటికి అదుముకుని కూర్చున్నాడు. ఎందుకు చెయ్యి వదిలావని అడిగాడు. చెప్పాను.

"మంచి అలవాటే. కవాతయ్యాక, సాయంత్రం ఐదు తర్వాత పెట్టుకో," అన్నాడు నవ్వుతూ.

నేను నవ్వలేదు. ఆయన కూడా నవ్వడం మానేశాడు.

"చూడు, నా ఎడమ మోకాలు నా మాట వినదు. రేపు నేను పడినా పడతాను. పడితే బోర్లా పడి తల కప్పుకుంటాను. నువ్వు వంగకూడదు, చెయ్యి వదలకూడదు. నా మీదనుంచి దాటి వెళ్ళిపోవాలి. నువ్వు ఆగితే నీ వెనక ఇద్దరు నీ మీద పడతారు, మీ ముగ్గురి ఈటెలు ముందున్నవాళ్ళ తలల మీద పడతాయి. మాటివ్వు."

మనిషిని దాటడమంటే మా ఇళ్ళలో ఎంత తప్పో ఆయనకి చెప్పలేదు. మాటిచ్చాను. ఆ సాయంత్రానికే శిబిరమంతా ఆయన్ని "అంకుల్ వాల్ట్" అని పిలుస్తోంది.

సోమవారం: గుట్ట మీద జనం

ఊరి జనం మడతకుర్చీలు, ఐస్‌బాక్సులు, పిల్లలతో వచ్చి గుట్ట నిండా కూర్చున్నారు. శ్రావ్య ముందు వరసలో ఫోన్ పట్టుకుని ఉంది. మేము బారులు తీరుతుంటే నవ్వులు వినబడ్డాయి. ఎవరో ఈల వేశారు. "ఏమైనా మాట్లాడండి!" అని ఇంకొకరు అరిచారు. నా చెవులు వేడెక్కాయి.

ఈటెలు లేచాయి. దిగాయి. కుడికి తిరిగాం. ఎడమకి తిరిగాం. మూడో మలుపుకి నవ్వులు తగ్గాయి. ఐదో మలుపుకి మా బూట్ల కింద గడ్డి నలిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. గుట్ట మీద ఒక చంటిపిల్ల ఏడుపు మొదలెట్టింది. తల్లి దాని నోరు మూసింది. నా ఆలోచన పనిచేస్తోంది. రెండు వేల ఏళ్ళకి పైగా నాటి ఉపాయం ఇక్కడ, ఈ నర్సులతో ప్లంబర్లతో పనిచేస్తోంది. ఆ సంతోషంతో నా ఒళ్ళు పులకరించింది.

వేగంగా ముందుకి నడిచాం. నా ముందు ఉన్నట్టుండి మెడ లేదు.

కింద చూశాను. వాల్ట్ బోర్లా పడి ఉన్నాడు. చేతులు తల మీద. కదలడం లేదు. మూలుగు లేదు. మూలిగితే నిశ్శబ్దం పాడవుతుందని మూలగడం లేదా, లేక మూలగలేకపోతున్నాడా? నోరెత్తకూడదన్న నియమం నేను రాసి పంపిందే.

ఇదంతా ఒక అడుగు వేసేంతసేపట్లో జరిగింది. ఆ అడుగులో నేను ఆగుతాననుకున్నాను. నా కాలు లేచింది. ఆయన వీపు మీదుగా వెళ్ళి అవతల దిగింది. రెండో కాలు దాని వెంటే వెళ్ళింది. రెండు చేతులూ ఈటె మీదే ఉన్నాయి. లయ కూడా తప్పలేదు. నా ముందు ఇప్పుడు నాలుగో వరస మనిషి మెడ ఉంది. నేను దాన్ని చూస్తూ నడిచాను. వెనక ఇద్దరు కూడా ఆయన్ని దాటిన అడుగుల చప్పుడు విన్నాను.

తెల్ల చేతితొడుగు దిగింది. "అలలలై!" అని అరవై మందికి పైగా ఒక్క గొంతుతో మాసిడోనియా రణకేక పెట్టాం. గుట్ట మీద కుర్చీలు వెనక్కి పడ్డాయి. పిల్లలు లేచి పరుగెత్తారు. అందరికంటే ఎక్కువసేపు అరిచింది నేనని తర్వాత డోరిస్ చెప్పింది. నాకు గుర్తున్నది వేరు. ఆ కేకలో ఒక రుచి ఉంది. కాళ్ళకింద ఏముందో పూర్తిగా మరిచిపోయేంత రుచి. పదిహేనేళ్ళు ఆ బాణం గీసినా నాకు తెలియని సంగతి అది.

వెనక్కి

చప్పట్లు మోగుతుంటేనే ఈటె దించి వెనక్కి పరుగెత్తాను. వాల్ట్ లేచి కూర్చుని గడ్డి దులుపుకుంటున్నాడు. మోకాలు వాచింది, అంతే.

"ఆగలేదు!" అన్నాడు, ముఖమంతా వెలిగిపోతూ. "ముగ్గురిలో ఒక్కరూ ఆగలేదు! ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు."

శ్రావ్య గుట్ట దిగి వచ్చింది. ఫోన్ జేబులో ఉంది.

"అక్కా, నువ్వు ఆయన మీదనుంచి వెళ్ళిపోయావు."

"ఆగితే అందరికీ దెబ్బలు తగిలేవి."

"నాకు తెలుసు. డోరిస్ చెప్పింది. కానీ నువ్వు కిందకి చూశావు. నేను చూశాను నువ్వు చూడటం. తర్వాత నీ ఫేస్..." అని ఆగిపోయింది. "నీ ఫేస్‌లో ఏమీ లేదు."

నేను వాల్ట్ వైపు తిరిగాను.

"అంకుల్, మీరు ఇంకోసారి పడుకోవాలి."

"ఎందుకు?"

"మా ఇళ్ళలో మనిషిని దాటితే మళ్ళీ వెనక్కి దాటాలి. దాటకపోతే..." అన్నాక, మిగతాది చెప్పడానికి సిగ్గేసింది. "పొడుగు పెరగరంటారు."

ఆయన నన్ను చూశాడు. నవ్వలేదు. మోకాలు పట్టుకుని మెల్లగా గడ్డిలో బోర్లా పడుకున్నాడు. నేను అవతలి వైపుకి వెళ్ళి, ఈసారి నెమ్మదిగా, ఆయన వీపు మీదుగా వెనక్కి దాటాను. తర్వాత వంగి భుజం తాకి కళ్ళకద్దుకున్నాను. అప్పటికి సాయంత్రం ఐదు కాలేదు.

"ఆగు, ఇంకో ఇద్దరున్నారు కదా," అని ఆయన గడ్డిలోంచే నా వెనక వరసలవాళ్ళని కేకేశాడు. వాళ్ళు ఎందుకని అడగకుండానే వచ్చి, హెల్మెట్లు తీసి చేత్తో పట్టుకుని, ఒకరి తర్వాత ఒకరు దాటారు.

"ఇప్పుడు పెరుగుతానా?" అన్నాడు వాల్ట్.

"అరవై ఏడుకి నో గ్యారంటీ," అంది శ్రావ్య. అందరూ నవ్వారు. దాని కళ్ళు తడిగా ఉన్నాయి.

కారులో డైరీ తెరిచాను. పాత పేజీలో ఎర్ర బాణం ఉంది. ఆ దారి పొడవునా ఎంతమంది పడి ఉంటారు. వాళ్ళ మీదుగా నడిచినవాళ్ళు రాక్షసులేమీ కాదు. ముందున్న మెడ చూసుకుంటూ నడిచినవాళ్ళు. వాళ్ళలో ఒక్కరైనా వెనక్కి వచ్చి దాటి ఉంటారా? రాద్దామనుకున్నాను గానీ చేతులు ఇంకా ఈటె పట్టుకున్నట్టే బిగుసుకుని ఉన్నాయి. మొక్కజొన్న అంగడి దగ్గర కారాపి శ్రావ్య దిగింది. నేను అడక్కుండానే డబ్బాలో నోటు వేసి డజను కంకులు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

ఇంటికొచ్చేసరికి పద్మ ఆంటీ గుమ్మంలోనే ఉంది. పులిహోర డబ్బా తీసుకుంటూ, "ఏం చూశారే అంత దూరం వెళ్ళి?" అని కూతుర్ని అడిగింది.

శ్రావ్య ఒక్క క్షణం నా వైపు చూసింది.

"మొక్కజొన్న, మమ్మీ," అంది.